పదకొండు బొరియలు

ఏప్రిల్ 4, శుక్రవారం

ఈరోజు సోదిని కాల్చేశాను.

సోది అంటే మా మందలో నలభై ఒకటో నంబరు ఆవు. అస్తమానం అరుస్తూ ఉంటుందని తమ్ముడు దానికి ఆ పేరు పెట్టాడు. ఎగువ మిట్ట మీద మేస్తూ మేస్తూ ముందుకాలు నేల ఉడత బొరియలో పెట్టేసింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలు. ఉదయం నేను వెళ్ళేసరికి మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. అరవడం లేదు. ముందు అదే నాకు వింతగా తోచింది. కాలు వేలాడేసుకుని తల్లి నిలబడి ఉంటే మూడు వారాల దూడ పొదుగు కింద దూరి పాలు తాగుతోంది.

పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే ఫోటో పంపమన్నాడు. పంపాను. చూశాడు. మీకు తెలుసుగా అన్నాడు. తెలుసు.

తమ్ముడు దూడ మెడ చంకలో ఇరికించుకుని అటు తిరిగి నిలబడ్డాడు. వాడెప్పుడూ అంతే. నాన్న వాడికి తుపాకీ నేర్పబోతే రెండు రోజులు ఏమీ ముట్టకుండా పడుకున్నాడు. విసుగొచ్చి నాకు నేర్పాడు. నాకప్పుడు పదహారేళ్ళు. ఇప్పుడు యాభై. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆ డ్యూటీ నాది. ఎప్పుడూ చెయ్యి వణకలేదు. ఈరోజు కూడా వణకలేదు.

ఈ డైరీ పశువుల మందుల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా నులిపురుగుల మందు యాడ్. ఈతల తేదీలు తప్ప ఇందులో ఇంకేమీ రాసేదాన్ని కాదు. ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలీదు.

ఏప్రిల్ 5

దూడ సీసా పట్టడం లేదు. తమ్ముడి వేలు మాత్రం చీకుతోంది.

ఏప్రిల్ 9, బుధవారం

కంచె మామ వచ్చాడు. పడమటి మేతభూమి ఆయనది. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పట్నుంచీ మామా అని అలవాటు. ఏ మాట మొదలుపెట్టినా చివరికి కంచె దగ్గరికే తెస్తాడు కాబట్టి మా ఇంట్లో ఆయన కంచె మామ అయిపోయాడు.

ఈసారి మాత్రం ఉడతలతోనే మొదలుపెట్టాడు. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి మూడు గళ్ళు గీశాడు. ఒకటి ఆయనది, ఒకటి మాది, ఒకటి దక్షిణం పక్క మేకలాయనది. ముగ్గురం ఒకేరోజు, మే ఐదున, మందు పెట్టాలట. మందు పట్టించిన గింజలు, బొరియకి ఒక చెంచా. బయట ఒక్క గింజ కూడా పడకూడదు. అమ్మాయ్, ముగ్గురిలో ఒక్కళ్ళు వదిలేసినా రెండేళ్ళలో మళ్ళీ మొదటికే వస్తాం అన్నాడు. వ్యవసాయ ఆఫీసువాళ్ళకి ఫారం ఇవ్వాలట, మందు వాడినట్టు ముగ్గురూ సంతకాలు పెట్టాలట.

తమ్ముడు, మామ మాట పూర్తి కాకుండానే సరే అనేశాడు. రేపే పెడదామన్నా పెట్టేలా ఉన్నాడు. సోది పోయినప్పట్నుంచీ వాడి మొహం చూడలేకుండా ఉన్నాను. చీమల బారు కనిపిస్తే దాటుకుంటూ నడిచే మనిషి, ఒక్కదాన్ని కూడా మిగలనివ్వను మామా అంటున్నాడు. మరదలు నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను.

మిట్ట సంగతి అక్క చూసుకుంటుంది అన్నాడు తమ్ముడు. నన్ను అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు, ఆ మిట్ట మీద ఏ రాయి ఎక్కడుందో నాకే తెలుసు. సరే అన్నాను. ఆ సరే మనస్ఫూర్తిగానే అన్నాను. ఇది రాసి పెట్టుకోవాలి, తర్వాత నేను మార్చి చెప్పుకోకుండా.

ఏప్రిల్ 12

పశువుల డాక్టరు దూడని చూడ్డానికి వచ్చాడు. బొరియల్లో పడి కాళ్ళు విరగడం మీరు ఎన్ని చూశారు అని అడిగాను. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆరు అన్నాడు. తక్కువే కదా అన్నాను. తక్కువే అన్నాడు. తమ్ముడు విని, ఆ ఆరులో మాది ఉందా లేదా సార్ అన్నాడు. ఉంది అన్నాడు డాక్టరు.

ఇద్దరూ నిజమే చెప్పారు. 

ఏప్రిల్ 17, ఉదయం పది

కాలేజీ మేడం వచ్చి వెళ్ళింది. రెండేళ్ళ కిందట ఈవిడే వచ్చి మిట్ట మీద పరిశోధనకి కర్రలు పాతుకోనిమ్మని అడిగితే పాతుకోమన్నాను. నెలకోసారి వచ్చి బొరియలు లెక్కపెట్టి, గడ్డి కోసి కవర్లలో వేసుకుని వెళుతుంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎండకి ముక్కు మాత్రమే కాలుతుంది, పాపం.

మందు సంగతి ఎవరో చెప్పారట. ఆపమని అడగడానికి వచ్చింది. ఉడతలు తవ్విన చోట వాన నీళ్ళు లోపలికి ఇంకుతాయట, గడ్డిలో బలం ఎక్కువ ఉంటుందట, ఆవులే వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళి మేస్తాయట. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఓహో, మా ఆవు బలానికి వెళ్ళి కాలు విరగ్గొట్టుకుందన్నమాట అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల మొహం చూసి సిగ్గేసింది.

వాడు వెళ్ళాక కాయితాలు చూపించింది. వానలు తక్కువైన ఏడాది ఉడతలున్న చోట గడ్డి మెరుగ్గా ఉంది. వానలు బాగా పడిన ఏడాది తేడా లేదు. అంటే అన్నాను. అంటే ఇంకా చూడాలండీ అంది. ఎన్నాళ్ళు అన్నాను. కనీసం ఇంకో ఐదేళ్ళు అంది. ఐదేళ్ళ సంగతి చెప్పే మనిషికి ఐదో తారీఖు మందు పెట్టే మనిషి ఏం జవాబు చెప్తుంది? మంచినీళ్ళిచ్చి పంపించాను.

ఏప్రిల్ 22

ఎవరి మాటా కాదు, నేనే చూద్దామని మిట్టకి వెళ్ళాను. వాటిని నా జన్మలో లక్షసార్లు చూసి ఉంటాను. కూర్చుని చూడటం మాత్రం ఇదే మొదలు.

ఉడతలే, కానీ చెట్టెక్కవు. రంగు మట్టి రంగే. బొరియ గుమ్మంలో నిటారుగా కూర్చుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, అచ్చం పెన్షన్ కోసం పోస్టాఫీసులో కూర్చున్న ముసలాళ్ళలా చూస్తాయి. నన్ను చూడగానే ఒకటి ఈల వేసింది. అంతే, మిట్ట మొత్తం ఖాళీ. గంట సేపు నేనూ, గాలీ.

ఏప్రిల్ 23

మళ్ళీ వెళ్ళాను. గద్ద వస్తే ఒక ఈల, మా కుక్క వస్తే ఇంకో ఈల. గద్దకైతే ఒక్కసారి, సన్నగా. కుక్కకైతే ఆగి ఆగి, తిడుతున్నట్టు. నాకు వేసింది కుక్క ఈలే.

నవ్వొచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

ఏప్రిల్ 26, శనివారం

ఈరోజు నేను వెళితే ఏ ఈలా వెయ్యలేదు.

నేను మామూలు చోటే కూర్చున్నాను. గుమ్మంలో ఉన్నది నన్ను ఓసారి చూసి గడ్డి పరక కొరుక్కుంటూ ఉండిపోయింది. పిల్లలు నాలుగు నా చెప్పుల దగ్గరదాకా వచ్చి ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి.

నా గురించి తప్పుగా అనుకుంటున్నాయి. చెప్పే దారి కూడా లేదు. లేచి వచ్చేశాను.

మే 5, సోమవారం

ఉదయం ఆరు నలభై. ముక్కుకి మాస్క్, చేతులకి గ్లవ్స్, పొడుగు కాడ చెంచా, రెండు బకెట్లు. గింజలకి వెల్లుల్లి వాసన. తమ్ముడు దిగువ పొలానికి వెళ్ళాడు. కంచె మామ నాలుగింటికే మొదలెట్టేశానని ఫోన్. మేకలాయన కూడా బయల్దేరాడట.

పదకొండుంబావు. మిట్ట మీది పెద్ద రాయి పక్కన కూర్చుని రాస్తున్నాను. పదకొండు బొరియల్లో మందు వేశాను. పన్నెండో దాని ముందు ఆగిపోయాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఏదో ఒక పిల్ల తల బయటపెట్టి నా వంక చూసి ఉంటే బాగుండేది. ఏదీ చూడలేదు. ఉత్త బొరియ. చెంచా నింపాను, వంగాను, చెయ్యి ముందుకి వెళ్ళలేదు. వణకలేదు. వెళ్ళలేదు, అంతే. నడుము పట్టేసిందేమోనని లేచి నిలబడి మళ్ళీ వంగాను. ఉహూ.

అంతకు ముందు పదకొండు ఎలా వేశానో కూడా తెలీడం లేదు.

మధ్యాహ్నం మూడు. మిగిలిన గింజలు పశువులకి పెట్టే ఉప్పు దాచే కొట్టంలో పాత ఇనప డ్రమ్ములో పోసి మూత బిగించాను. పైన రాయి పెట్టాను. ఖాళీ బకెట్లు కడిగి బోర్లించాను.

నాలుగున్నర. అయిపోయిందా అక్కా అన్నాడు తమ్ముడు. అయిపోయింది అన్నాను. టీ పెట్టి తెచ్చి ఇచ్చాడు. థాంక్స్ అక్కా, నేనైతే చెయ్యలేకపోయేవాణ్ణి అన్నాడు. దిగువ పొలంలో అరవై బొరియల్లో మందు వేసి వచ్చి ఆ మాట అన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మామ ఫారం తెచ్చాడు. సంతకం పెట్టాను. నా పేరు నాకే కొత్తగా కనిపించింది.

మే 6

చెప్పేద్దామనుకున్నాను. వాడు దూడకి సీసా పడుతున్నాడు. మొదటిసారి పూర్తిగా తాగింది. ఆ సంతోషంలో ఉన్నవాడికి చెప్పలేకపోయాను.

మే 14, బుధవారం

రోజూ అందరికంటే ముందు మిట్టకి నేనే వెళుతున్నాను. వాసన పోయేదాకా ఎవరూ రావద్దని ఇంట్లో చెప్పాను. అబద్ధం ఒకటే అనుకున్నాను గానీ దానికి రోజూ మేత వెయ్యాలని తెలీదు.

ఆ పదకొండు బొరియల చుట్టూ ఏ అలికిడీ లేదు. ఒకదాని గుమ్మంలో సాలీడు గూడు అల్లేసింది. మిగతా మిట్ట అంతా ఎప్పట్లాగే గోల. కాకపోతే ఇప్పుడు నాకు మళ్ళీ ఈల వేస్తున్నాయి.

మేడం వచ్చి లెక్కపెట్టుకుంది. ఏమీ అడగలేదు. వెళ్ళేముందు నా రెండు చేతులూ పట్టుకుని చాలా థాంక్సండీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీకోసం చెయ్యలేదు, గడ్డి కోసం చెయ్యలేదు, అసలు నేనేం చెయ్యలేదు, వెళ్ళండి అన్నాను. బిత్తరపోయి వెళ్ళిపోయింది. తర్వాత జాలేసింది. ఎవరి మీదో తెలీదు.

మే 27

కంచె మామ ఫోన్. ఆయన మిట్టవార పొలంలో కొత్త బొరియలు పదిహేడు. మందు పెట్టి మూడు వారాలు తిరక్కుండానే. ఎక్కణ్ణుంచి వచ్చాయి అని గద్దిస్తున్నాడు.  ఫోన్ స్పీకర్లో ఉంది, తమ్ముడు పక్కనే ఉన్నాడు. మేకలాయన పెట్టి ఉండడు మామా, మొన్న కూడా ఆయనకి ఇష్టం లేనట్టే మాట్లాడాడు అన్నాడు వాడు. నేనూ అదే అనుకుంటున్నా అల్లుడూ అన్నాడు మామ.

నేను అక్కడే ఉన్నాను. చేతిలో తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

జూన్ 2, సోమవారం

మామ తన భూమిలోంచి మేకలాయన నీళ్ళ మడుగుకి వెళ్ళే గేటుకి తాళం వేసేశాడు. పాతికేళ్ళుగా తెరిచి ఉన్న గేటు. ఇప్పుడు మేకల్ని చుట్టూ తిప్పి నాలుగు కిలోమీటర్లు నడిపించి నీళ్ళు పట్టిస్తున్నారట. మరదలు చెప్పింది. మేకలాయన భార్యా తనూ సంతకి కలిసి వెళ్ళే స్నేహితులు. ఆవిడ మరదలి ఫోన్ ఎత్తడం లేదట.

ఎందుకంటే తమ్ముడు నిన్న వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి, మీవల్లే మా ఆవు లాంటివి ఇంకో నాలుగు పోతాయి, సంతకం పెట్టి మోసం చేస్తారా అన్నాడట. మా తమ్ముడు. జీవితంలో ఎవరి మీదా గొంతు ఎత్తని మనిషి. వదినా, మీ తమ్ముడు మీ తమ్ముడిలా లేడు అంది మరదలు.

నేను చేసిన పనికి వాడు మారిపోతున్నాడు. నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ పదిహేడు బొరియలూ తవ్వినవి మా మిట్ట మీంచే వెళ్ళాయా? వెళ్ళి ఉండచ్చు. మామ సరిగ్గా వెయ్యకపోయి ఉండచ్చు. ఉడత ఒంటి మీద నంబరు ఉండదు. నావల్లే అని తేలితే తప్పు చేశానని తెలుస్తుంది. కాదని తేలితే తప్పు చెయ్యలేదని తెలుస్తుందా? అదీ తెలీదు.

జూన్ 4

మేకలాయన చూడి మేక ఒకటి నడిచి నడిచి నెలలు నిండకుండా ఈనింది. పిల్లలు రెండూ దక్కలేదు.

జూన్ 7, శనివారం

కంచె మామ ట్రాక్టరు షెడ్డులో మీటింగ్, పదకొండు గంటలకి. మామ, తమ్ముడు, నేను. మేకలాయన ఆఖర్న వచ్చాడు. మందు తెచ్చిన ఖాళీ సంచులు రెండూ మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. నేల మీద పరిచాడు. రండి, నా భూమి మీద ప్రతి బొరియా చూసుకోండి అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఖాళీ సంచులు ఎవరైనా చూపిస్తారు అన్నాడు తమ్ముడు.

 మేకలాయన వంగి సంచులు మళ్ళీ మడతపెట్టుకున్నాడు, అంచుకి అంచు సరిగ్గా కలిపి. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

ఆయన కాదు, నేను. పదకొండు వేసి ఆపేశాను. మిగిలినవి మా ఉప్పు కొట్టంలో ఉన్నాయి.

మామ ముందు నవ్వాడు. జోక్ అనుకున్నాడు. ఆవుని కాల్చినదానివి నువ్వే కదమ్మాయ్, ఉడతకి చెంచా వెయ్యడానికి ఏం వచ్చింది అన్నాడు. తెలీదు మామా అన్నాను. తెలీకపోవడం ఏంటి, ఆ కాలేజీ పిల్ల ఏమన్నా ఎక్కించిందా అన్నాడు. లేదన్నాను. మరి? తెలీదు. ఎన్నిసార్లు అడిగినా నా దగ్గర ఇంకో మాట లేదు. ఆయన మొహం ఎర్రబడింది. మీ నాన్న ఉంటే అని మొదలుపెట్టి ఆపేశాడు.

తమ్ముడు పాత టైరు మీద కూలబడిపోయాడు. నా వైపు చూడలేదు. కాసేపటికి లేచి మేకలాయన దగ్గరికి వెళ్ళి, అన్నయ్యా తప్పయిపోయింది అన్నాడు.  మేకలాయన వాడి భుజం మీద చెయ్యి వేశాడు. నాతో మాత్రం, నాకు కాదమ్మా, మా ఇంట్లో చెప్పు అన్నాడు.

తమ్ముడు ట్రాక్టరు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను నడిచి వచ్చాను. గంట పట్టింది.

జూన్ 8, ఆదివారం

మేకలాయన ఇంటికి వెళ్ళాను. ఆవిడ కొట్టంలో మేకల గిట్టలు చెక్కుతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలు అయ్యాయో లేదో, ఊరికే నిలబడకు, ఈ కాలు గట్టిగా పట్టుకో అంది. పట్టుకున్నాను. ఒక మేక, రెండో మేక, మూడో మేక. నేను చెప్తూనే ఉన్నాను, ఆవిడ చెక్కుతూనే ఉంది. నాలుగోది నా మోకాలి మీద ఒక్క తన్ను తన్నింది. బాగా అయిందనిపించింది.

పిల్లల్ని పోగొట్టుకున్న మేక మూలన నిలబడి ఉంది. ఆవిడ చూపించలేదు. నేనే గుర్తుపట్టాను.

అన్నీ అయ్యాక చేతులు కడుక్కుంటూ, ఎందుకు ఆపావు అంది. తెలీదు వదినా అన్నాను.  అదే మాట ఆరోజే చెప్తే ఏమయ్యేది అంది. నాకు చేతకావట్లేదు, ఎందుకో తెలీదు అని మీ తమ్ముడితో చెప్పడానికి నోరు లేదా? ఉడతల్ని వదిలేశావు సరే, ఆ నింద మా మీద ఎందుకు పడనిచ్చావు?

 ఇంటికొచ్చి ఆ మాట ఇందులో రాశాను. చదువుకుంటే ఇంకా గట్టిగా వినిపిస్తోంది.

చెప్పచ్చని నాకు తట్టలేదు. అదే నిజం. నాకు చేతకాదు అనే వాక్యం ఈ ఇంట్లో ఎప్పుడూ నాది కాదు. అది తమ్ముడిది.

జూన్ 9

మామ గేటు తాళం తీశాడు. తాళం చెవి మేకలాయనకే ఇచ్చేశాడట. సారీ మాత్రం చెప్పలేదట.

జూన్ 11, బుధవారం

మేకలాయన మా ఇంటికి వచ్చాడు. తమ్ముడితో మాట్లాడాడు. మీ మిట్ట నా మేకలకి వదిలెయ్యండి, నా పల్లం గడ్డి మీ ఆవులకి తీసుకోండి. మేకలు రాళ్ళ మీద నడిచే జాతి, బొరియలో కాలు పెట్టవు అన్నాడు. మరి ఉడతలు అన్నాడు తమ్ముడు. ఉంటే ఉంటాయి, వాటితో నాకేం పేచీ లేదు అన్నాడు. తమ్ముడు ఆలోచించి సరే అన్నాడు. నేను గిన్నెలు తోముతున్నాను. ఇద్దరూ నన్ను అడగలేదు. మిట్ట నాది కదా అనబోయాను. గిన్నె కడిగాను.

కంచె మామకి కోపం వచ్చింది. తన హద్దులో ఏటా మందు పెట్టుకుంటానన్నాడు. మిట్ట పక్కన ఇంకో వరుస కంచె కూడా వేస్తాడట. ఆ మాట చెప్పేటప్పుడు కాస్త హుషారుగానే ఉన్నాడని మరదలు అంది.

డ్రమ్ములో గింజల్ని ఆఫీసువాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. నా చేత ఇంకో ఫారం రాయించుకున్నారు. ఈసారి నిజం రాశాను. 

జూన్ 15, ఆదివారం

తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. ఎనిమిది రోజులు. తిట్టడు, మొహం మాడ్చుకోడు. ఏదైనా కావలిస్తే మరదలితో, అక్కని అడుగు అంటాడు, నేను ఎదురుగానే ఉంటాను. మరదలు పాపం నా వైపు తిరిగి అదే మాట మళ్ళీ చెప్తుంది. నేను జవాబు చెప్తే అది వాడికి చెప్తుంది. టెలిఫోను ఎక్స్చేంజీలో ఉద్యోగం వచ్చినట్టుంది నాకు అని నవ్వింది. ఎవరమూ నవ్వకపోతే అదీ ఆపేసింది.

ఈరోజు మిట్టకీ పల్లానికీ మధ్య కొత్త కంచె లాగాము, వాడూ నేనూ. తీగ ఒక చివర వాడు, ఇంకో చివర నేను. బిగించాలంటే చెయ్యి ఎత్తాడు, ఆపాలంటే దించాడు. రెండొందల గజాలు ఒక్క మాట లేకుండా అయిపోయింది. చిన్నప్పట్నుంచీ కలిసి చేసిన పని కాబట్టి చేతులకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. చేతులు మాట్లాడుకుంటున్నాయి, మనుషులం మాట్లాడుకోవట్లేదు.

మధ్యాహ్నం మరదలు వచ్చి, ఆయన ఒక్కటే అడగమన్నాడు వదినా అంది. ఎందుకు ఆపావు అని. రాసి ఇస్తాను అన్నాను. కాయితం తీసుకున్నాను. సోదిని చంపినప్పుడు దానికి నొప్పి ఉంది, వీటికి లేదు, అని రాశాను. కొట్టేశాను. పదకొండు బొరియల్లో ఉన్నవాటికీ లేదు కదా. అవి నన్ను నమ్మాయి అని రాశాను. కొట్టేశాను. ఆవులు ఇంకెక్కువ నమ్ముతాయి, ఏటా లారీ ఎక్కిస్తూనే ఉన్నాను. మేడం కాయితాల గురించి రాశాను. అది మరీ అబద్ధం, కొట్టేశాను. వయసు అని రాశాను. అదొక్కటి వెంటనే కొట్టెయ్యలేదు. కానీ అదీ కాదేమోనని తర్వాత కొట్టేశాను.

చివరికి కాయితం మీద మిగిలింది, తెలీదురా, ముందే చెప్పాల్సింది. అదే ఇచ్చాను. వాడు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడట.

జూన్ 19

మేకలు మిట్ట ఎక్కాయి. ఇంటి వెనక నిలబడి చూశాను. ఇంత దూరానికి ఏ చప్పుడూ రాదు.

జూన్ 26, గురువారం, ఉదయం ఎనిమిది

తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఒక కన్ను మూసుకుని. అక్కా, కంట్లో నలుసు పడింది, చూడు అన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చాను. రెప్ప ఎత్తి, పైకి చూడు అన్నాను. చూశాడు. కిందికి. చూశాడు. నాకేమీ కనబడలేదు. ఊదాను.

పోయిందా అన్నాను.

తెలీదక్కా, ఇంకోసారి ఊదు అన్నాడు.